నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర

పోర్ట్ కెంబ్లాలో నా క్లినిక్
చేపల వేపుడు కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది.
లోపలి గది గోడలనిండా నురగ అట్టలు.
తలుపు వేశానంటే
ఉక్కు కార్ఖానా కూడా నోరు మూసుకుంటుంది.

ఈ నెలంతా ఒకటే గొడవ,
స్లాగ్ రోడ్ వాళ్ళ ఆరో ఆల్బం.
పదకొండేళ్ళ తర్వాత తెచ్చారు.
చెవులు చూపించుకోడానికి వచ్చిన వాళ్ళంతా
ముందు దాని సంగతే తీస్తారు.

గ్లెనిస్ హ్యాండ్‌బ్యాగు బల్లమీద పడేసి
"పాటలకి ఇస్త్రీ చేశారు" అంది.
"ఎనభై ఏడులో వర్కర్స్ క్లబ్బులో
ఒలికిన బీరుకి చెప్పులు నేలకంటుకుపోయేవి.
మైకు కీచుమనేది. ఆ కీచే పాట.
ఇదా? పళ్ళ డాక్టరు దగ్గర
వరసలో కూచున్నట్టుంది."
చెవిలో లైటు వేసి చూస్తున్నా ఆపలేదు,
దవడ కదిలి గొట్టం రెండుసార్లు జారింది.

క్రేన్ తోలే బ్లాగోయ్‌ది ఇంకో బాధ.
చివర్లో పాత పాటొకటి మళ్ళీ పాడారట.
ఈసారి మాటలు అద్దంలో ముఖంలా తెలుస్తున్నాయట.
"ఆగు, ఆగు అంటున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ.
కాదు, సాగు అంటున్నాడు.
వాడు ఆగమన్నాడనే కదా
పెర్త్ ఉద్యోగం వదులుకున్నాను."
నవ్వాడు. నవ్వాక
కాసేపు టోపీ అంచు సవరించుకుంటూ కూచున్నాడు.

రిసెప్షన్‌లో టీగన్‌కి ఇరవై రెండు.
"బాగానే ఉంది కదా, ఏం రోగం వీళ్ళకి?" అంటుంది,
వాళ్ళు మెట్లు దిగేదాకా ఆగి.

నన్నెవరూ అడగలేదు.
అడిగితే మా నాన్న మిల్లు గురించి చెబుదును.
మూడోసారి పాలిష్ పడితే బియ్యం
ముత్యాల్లా దోసిట్లోంచి జారేవి.
పెళ్ళిళ్ళకి అవే కావాలనేవాళ్ళు.
తవుడు మాత్రం గేదెలకి పోయేది,
మా ఊళ్ళో అందరికన్నా బలంగా ఉండేవి గేదెలే.
కానీ ఇది చెప్పి ఎవరి పక్షం తీసుకున్నట్టు?
పెళ్ళిలో ఆ తెల్లటి అన్నం నేనూ మారు వడ్డించుకున్నాను.

పైగా నాకు తెలిసిందొకటుంది.
గ్లెనిస్ కాగితం, బ్లాగోయ్ కాగితం, వాళ్ళ ఈడువాళ్ళవి
ఏది తీసినా గీత తిన్నగా వచ్చి
నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర
ఒకే లోయలో పడుతుంది.
క్లబ్బులో స్పీకరు పక్కన నిలబడ్డ రాత్రులు
అక్కడే తవ్వుకుపోయాయి.
కొత్త ఆల్బంలో తాళాలు ఇసుక రాలినట్టు మోగుతాయి,
టీగన్ వింటుంది, నేను వింటాను.
వీళ్ళకి ఆ ఇసుక అందదు.
గరుకు పోయిందంటారు,
గరుకు వినే చెవిని
మొదటి ఆల్బంకే ఖర్చుపెట్టేసుకుని.

చెప్పాలనుకుంటాను. గ్లెనిస్ చెప్పుల మాట ఎత్తగానే
నోరు రాదు.

గురువారం కాలమ్ రాఫర్టీ వచ్చాడు.
ఆ రోజుల్లో వాళ్ళ సౌండ్ చూసినవాడు.
మీరేమంటారు అని నేనే అడిగాను.
చేతులు జేబుల్లోంచి తీయలేదు.
"పాటకీ పాటకీ మధ్య ఖాళీ ఉంది చూడు,
వెనకటికి అక్కడ ఆంప్లిఫయర్ బుసకొట్టేది.
తుడవడానికి నా తరం కాలేదు.
ఇప్పుడెవరో కుర్రాడు
చీపురుతో ఊడ్చినట్టు శుభ్రం చేశాడు.
అక్కడే వింటున్నాను నేను.
ఏమీ లేదు కదా, ఆ ఏమీ లేనిచోట
అదే బుస. పడుకున్నా ఉంటుంది."
జోరీగ అంటాం మా భాషలో, అన్నాను.
ఆ మాట రెండుసార్లు పలికి చూసుకున్నాడు,
ర దగ్గర నాలుక మడత పడింది.

గదిలో కూచోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించాను.
"ఎంత చిన్నదైనా సరే,
వినపడితే బటన్ నొక్కండి."
తలుపు వేశాను.
కార్ఖానా ఆగింది, లాండ్రీ ఆగింది.
నా పెన్ను మూత ఇంకా తీయలేదు,
యంత్రంలోంచి ఏ శబ్దమూ పంపలేదు.

అద్దం అవతల కళ్ళు మూసుకుని
అతను బటన్ నొక్కాడు.
కొంచెం ఆగి, మళ్ళీ.